ఓపెన్ సోర్స్‌లో కొత్తగా చేరేవాళ్లకి
అందరికీ నమస్తే. ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టుల్లో, ఎక్కడ మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు. వాటిలో మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి, దాని లోటుపాట్లు మీకు ముందే తెలిసి ఉంటాయి. ముందు కాంట్రిబ్యూటింగ్ ఫైల్ (ప్రాజెక్ట్‌లో ఎలా పాల్గొనాలో చెప్పేది) చదివి, ప్రాజెక్ట్‌ను మీ సిస్టమ్‌లో బిల్డ్ చేసి (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసి) టెస్టులు రన్ చేయండి. ఇక్కడే బోలెడు టైమ్ పడుతుంది, టెన్షన్ వద్దు. సెటప్ సూచనల్లో ఏదైనా కమాండ్ పాతబడి పనిచేయకపోతే, ఆ ఒక్క లైన్ సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును ప్రాజెక్ట్‌లో కలపమని అడగడం) పంపండి. నా దృష్టిలో అంతకన్నా మంచి మొదలు లేదు. సెటప్ ఎప్పుడో పూర్తయిన పాతవాళ్లకి ఆ తప్పు కంటపడదు. కోడే రాయాలనుంటే ప్రాజెక్ట్ ఇష్యూల్లో (చేయాల్సిన పనుల జాబితాలో) ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అని, అంటే కొత్తవాళ్లకి తగినవని, లేబుల్ ఉన్నవి వెతకండి, ఇంకెవరైనా తీసుకున్నారేమో కామెంట్లు చూసుకోండి. మీ కోడ్‌ను చూసేవాళ్లు రివ్యూలో మార్పులు అడిగితే అదే బ్రాంచ్‌లోకి (మీ మార్పులు ఉంచిన కోడ్ శాఖలోకి) పుష్ చేస్తే, అంటే పంపితే చాలు, కొత్త రిక్వెస్ట్ అక్కర్లేదు. ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్ మెసేజ్ మొత్తం ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.