అయస్కాంతాన్ని ఇనుముగా లెక్కిస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

అరుదైన మృత్తికా లోహాల కొరత గురించి ఇంత చర్చ జరుగుతున్నా, బలమైన అయస్కాంతాల తయారీకి వాడే అలాంటి లోహం నియోడిమియం మన చేతిలో ఉన్నది ఎటు పోతోందని అడిగేవారు తక్కువ. పాడైన హార్డ్ డిస్కును విప్పితే, ఉక్కు పలకకు అంటుకుని నికెల్ పూతతో మెరిసే వంపు అయస్కాంతపు బిళ్ల కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో పెకలించబోతే పెంకులా పుటుక్కున విరుగుతుంది. దాని బరువులో దాదాపు 30 శాతం నియోడిమియం, దాని కోవకు చెందిన లోహాలు. ఒక శాతం బోరాన్. తక్కినదంతా ఇంచుమించు ఇనుమే. డిస్కును యంత్రంలో నలగ్గొడితే ఆ అయస్కాంతం పొడై, ఇనుప ముక్కలకే అతుక్కుని, వాటితోపాటు కొలిమికి చేరి చిట్టెంలో కలిసిపోతుంది.

నియోడిమియాన్ని రాబట్టడానికి అయస్కాంతాన్ని ఆమ్లంలో కరిగిస్తే, కావలసిన మూడో వంతు కోసం అక్కర్లేని ఇనుమునూ కరిగించవలసి వస్తుంది. ఆమ్ల ద్రావణానికి బదులు, వేడికి కరిగిన మెగ్నీషియం క్లోరైడు లవణాన్నే ద్రావణిగా వాడే మార్గాన్ని టోక్యో విశ్వవిద్యాలయంలో తోరు ఒకబే బృందం ప్రయోగాల్లో చూపింది. 714 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే ఈ లవణాన్ని సుమారు 1,000 డిగ్రీలకు వేడిచేసి అందులో అయస్కాంతపు తుక్కును ఉంచితే, మెగ్నీషియం దగ్గరున్న క్లోరిన్‌ను నియోడిమియం లాక్కుని క్లోరైడుగా మారి లవణంలోకి దిగుతుంది. ఇనుముకు ఆ శక్తి లేదు కనుక గట్టిగానే మిగిలిపోతుంది. తరువాత శూన్యంలో వేడిచేస్తే మెగ్నీషియమూ దాని క్లోరైడూ ఆవిరై వేరుపడతాయి, నియోడిమియం క్లోరైడు అడుగున నిలుస్తుంది.

చిక్కులు లేవని అనను. వానాకాలంలో గల్లుప్పు చెమ్మగిల్లేది అందులోని మెగ్నీషియం క్లోరైడు వల్లనే. తేమతో వేడెక్కితే అది హైడ్రోజన్ క్లోరైడు వాయువును వదులుతుంది, పాత్రలను తినేస్తుంది. అయినా ఈ లవణాన్ని వేడి మీద సంభాళించడం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్) రూపొందించిన పద్ధతిలో కేరళలోని చవరలో టైటానియం స్పాంజి (రంధ్రాలతో ఉండే ముడి టైటానియం) తయారవుతున్నప్పుడు ఉపఉత్పత్తిగా వచ్చేది ఇదే.

అసలు అడ్డంకి లెక్కల్లో ఉంది. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల కింద రీసైక్లింగ్ చేసేవారు తయారీదారులకు అమ్ముకోగల ధ్రువపత్రాలు బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం అనే నాలుగింటికే ఇస్తున్నారు. అంటే అయస్కాంతాన్ని ఇనుముతో కలిపి తూచిన వ్యాపారికి నష్టమేమీ లేదు, శ్రమపడి విడదీసినవాడికి దక్కేదీ లేదు. కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 2025 సెప్టెంబరులో 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాన్ని ఆమోదించిన కేంద్రం, ధ్రువపత్రాల జాబితాలో నియోడిమియాన్ని చేర్చి, నలగ్గొట్టడానికి ముందే అయస్కాంతాలను విడిగా తీయాలన్న షరతు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లోహశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం