‘ప్రీష్రంక్’ ముద్రతో అమ్మిన నూలు గుడ్డపై ఫిర్యాదు

ఆదోని,
కర్నూలు జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం.

నేను ఆదోనిలో ఆర్డర్ల మీద బొంతలు కుట్టి ఇస్తుంటాను. మీ కంపెనీ తెల్ల నూలు గుడ్డ ఒక థాను ఇక్కడి హోల్‌సేల్ అంగడిలో కొన్నాను. థాను అంచు పొడవునా ‘ప్రీష్రంక్’, అంటే ముందే కుంచింపజేసిన గుడ్డ, అని ముద్ర ఉంది. మామూలు కోరాగుడ్డ అయితే రాత్రంతా నీళ్ళలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెడతాను. ఆ పని మిల్లులోనే అయిపోయిందని చెప్పే కదా మీరు మీటరుకు ఎక్కువ ధర తీసుకుంటున్నది?

ఒకామె చనిపోయిన వాళ్ళమ్మ నూలు చీరలు తెచ్చి బొంత కుట్టమన్నారు. పైన ఆ చీరలు, మధ్యలో పాత దుప్పటి, కింద అస్తరుగా మీ గుడ్డ వేశాను. ఏడడుగుల బొంత. మొదటిసారి ఉతికి ఆరేసేసరికే అస్తరు కుంచించుకుపోయి పైగుడ్డను లాగేసింది. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలు కొత్తగా కుంచించుకునేది ఏముంటుంది? కుట్టు వరుసల మధ్య ఉబ్బి ముడతలు పడ్డాయి. సూది దిగిన చోటల్లా ఆ మెత్తని చీర చిట్లి, ఎర్రంచు పోగులు బయటికి వచ్చాయి. దాన్ని ఆమె చేతిలో పెట్టేటప్పుడు నాకు నోట మాట రాలేదు.

మిగిలిన గుడ్డలో మీటరు పొడవు, మీటరు వెడల్పు గుర్తులు పెట్టి, చన్నీళ్ళలో ఉతికి నీడలో ఆరేశాను. పేక వైపు, అంటే అడ్డంగా, 98 సెంటీమీటర్లు ఉంది. పడుగు వైపు, అంటే పొడవునా, 94. ఏడడుగుల మీద ఇది ఐదంగుళాలు. నేతలోనూ ఫినిషింగ్‌లోనూ పడుగును లాగిపట్టి ఉంచుతారు కాబట్టి, నీళ్ళు తగిలితే పొడవే ఎక్కువ తగ్గుతుంది. ఈ సంగతి మీకు తెలియనిది కాదు. గుడ్డను తడిపి, పొడవునా దగ్గరకు నొక్కి ఆరబెట్టే శాన్‌ఫొరైజింగ్ 1930ల నుంచీ ఉంది. అది సరిగ్గా జరిగిన గుడ్డ నూటికి ఒకటికి మించి తగ్గదు. మీ గుడ్డ నూటికి ఆరు తగ్గింది. అంటే మీరు సాగదీసిన కొలతకు డబ్బు తీసుకుని, ఇక తగ్గదని ముద్ర వేశారు.

థాను డబ్బు, ఆ బొంతకైన దారం, నా కూలి తిరిగి ఇవ్వండి. చిరిగిన చీరలకు ఏ వెలా కట్టలేను గానీ, ఆమెకు మీరు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. ఇకమీదట థాను మీద పడుగు వైపు ఎంత, పేక వైపు ఎంత తగ్గుతుందో విడివిడిగా అచ్చు వేయండి. అది తెలిస్తే మాలాంటి వాళ్ళం ముందే తడుపుకుంటాం, లేదా ఆ మేరకు ఎక్కువ కత్తిరించుకుంటాం.

బిల్లు నకలు, ముద్ర ఉన్న అంచు ముక్క, ఉతికిన ముక్క, ఉతకని ముక్క జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కర్నూలు జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు
(సంతకం)