నీలి గుండె జబ్బు పిల్లలకు తలనొప్పి వస్తే

సంపాదకులకు నమస్కారం.

పిల్లల గుండె జబ్బుల మీద మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆయాసం గురించీ ఆపరేషన్ల గురించీ వివరంగా ఉంది. మెదడులో చీముగడ్డ గురించి ఒక్క ముక్క కూడా లేదు. మా అబ్బాయికి వచ్చింది అదే.

వాడికి పుట్టుకతోనే టెట్రాలజీ ఆఫ్ ఫాలో, అంటే గుండెలో రంధ్రం ఉండి, ఒంటికి ఆక్సిజన్ చాలక ఒళ్లు నీలంగా మారే గుండె జబ్బు. కాస్త పరుగెత్తితే పెదవులు, గోళ్లు ఊదారంగుకు తిరిగేవి. ఆట మధ్యలో గొంతుక్కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ లేచేవాడు. బాగానే తిరుగుతున్నాడు కదా అని ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చింది మేమే.

ఏడో ఏట తలనొప్పి మొదలైంది. కళ్లు చూపించమన్నారు ఒకరు, సైనస్ అన్నారు ఇంకొకరు. జ్వరం 99 డిగ్రీలు దాటలేదు, అందుకే నాకూ అనుమానం రాలేదు. పదో రోజు పొద్దున్నే వాంతి. సాయంత్రం హోంవర్క్ రాస్తుంటే పెన్సిల్ జారింది. తీసిచ్చాను, మళ్లీ జారింది. మూడోసారి ఎడమ చేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే పెన్సిల్ చుట్టూ మడుచుకుంటున్నాడు. "అమ్మా, చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు.

ఆ రాత్రి స్కాన్‌లో ఎడమవైపు మెదడులో నల్లటి మచ్చ, దాని చుట్టూ తెల్లటి ఉంగరం కనిపించాయి. పుర్రెకు చిన్న రంధ్రం చేసి చీము లాగారు. ఆరు వారాలు నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

ఎందుకొచ్చిందో తర్వాత డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు. రక్తంలో చేరిన సూక్ష్మక్రిములను మామూలుగా ఊపిరితిత్తులు జల్లెడలా పట్టేస్తాయి. ఈ పిల్లల్లో కొంత రక్తం ఊపిరితిత్తులకు పోకుండా, గుండెలోని రంధ్రం గుండా నేరుగా ఒంట్లోకి వెళ్తుంది. క్రిములూ దాంతోపాటే మెదడుకు చేరతాయి. పైగా ఆక్సిజన్ చాలక రక్తం చిక్కబడి, మెదడులో అక్కడక్కడా సరఫరా ఆగుతుంది. క్రిములు నాటుకునేది అలాంటి చోటే. రెండేళ్లు దాటిన పిల్లల్లోనే ఇది ఎక్కువట.

మా వాడికి ఒక దవడ పన్ను పుచ్చి ఉంది. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అనుకున్నాను. గడ్డకు మూలం అదేనని ఎవరూ రూఢిగా చెప్పలేదు, కానీ పుచ్చిన పళ్ల నుంచి క్రిములు రక్తంలోకి వెళ్తాయని విన్నాక ఆ మాట నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. ఇలాంటి పిల్లలకు పన్ను తీయించే ముందు, అరగంట నుంచి గంట ముందుగా, యాంటీబయాటిక్ డోసు వేయాలని కూడా అప్పుడే తెలిసింది. పళ్ల డాక్టరుకు గుండె సంగతి చెప్పకుండా కుర్చీలో కూర్చోబెట్టకండి.

చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. గుండె ఆపరేషన్ కూడా అయింది.

గుండె డాక్టర్లకు నాదొక విన్నపం. ఇలాంటి పిల్లల ఫైలు అట్ట మీదే ఈ నాలుగూ అచ్చు వేయించండి: తగ్గని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం. జ్వరం లేకపోయినా వెంటనే స్కాన్ అని కింద రాయండి. మా ఫైలు మీద నేను ఎర్ర పెన్నుతో రాసుకున్నాను, కానీ అప్పటికే ఆలస్యమైంది.

— ఒక తల్లి