కార్యదర్శి వార్షిక నివేదిక: ఈ ఏడాది నాటకం గురించి

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పంచాంగ శ్రవణం, బతుకమ్మ, దీపావళి విందు ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతున్నారు. ఈసారి చాలామంది నన్ను అడిగింది నాటకం గురించే: "అంత పాత అమెరికన్ నాటకం మనకెందుకండీ?" అని.

ఊళ్లోని నాటక బృందం థార్న్‌టన్ వైల్డర్ 'అవర్ టౌన్' వేస్తూ, మనుషులు చాలక మనల్ని కూడా పిలిచింది. కథ జరిగే గ్రోవర్స్ కార్నర్స్ కల్పిత గ్రామమే అయినా మనం ఉంటున్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోదే. వైల్డర్ కొంత భాగం ఇక్కడి పీటర్‌బరోలోనే రాశాడు. 1938 జనవరిలో ప్రిన్స్‌టన్‌లో మొదటిసారి ఆడింది, ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పట్నుంచి హైస్కూళ్లు, ఊరి నాటక సంఘాలు వేస్తూనే ఉన్నాయి.

ఖర్చు తక్కువన్నది ఒక కారణం. రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, మేడమీది కిటికీలకు బదులు రెండు నిచ్చెనలు, అంతే సెట్టు. వేషాలు బోలెడు, వచ్చినవాళ్లందరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. సురభి నాటకాలు చూసి పెరిగిన మన పెద్దలు విరామంలో "సెట్టింగులేవయ్యా?" అని నిలదీశారు కూడా.

వస్తువులూ లేవు, అంతా అభినయమే. నాయికా నాయకుల తల్లులిద్దరూ బీన్స్ ఈనెలు తీసే సీను మన ఆడవాళ్లిద్దరికి వచ్చింది. కొస తుంచడం, ఈనె లాగి పక్కన పడేయడం, కబుర్ల మధ్య చేతులు ఒక్కసారీ ఆగలేదు. లేని గిన్నె కనిపించింది! రెండో అంకం మాత్రం, పెళ్లి ముందు టెన్షన్ దగ్గర, నాకు కాస్త సాగినట్టనిపించింది.

మూడో అంకం శ్మశానంలో. కాటి సీనులో పద్యం ఎత్తుకుంటే ఊగిపోయే మనవాళ్లకు, చనిపోయినవాళ్లు కుర్చీల్లో కూర్చుని మెల్లగా మాట్లాడుకోవడం వింతే. కాన్పులో పోయిన నాయిక ఎమిలీ, తన పన్నెండో పుట్టినరోజుకు తిరిగి వెళ్తుంది. అమ్మ వంట పనిలో పడి మాట్లాడుతుందే గానీ కూతుర్ని తేరిపారా చూడదు. వీడియో కాల్‌లో అమ్మకు ఊఁ కొడుతూ ఆఫీసు మెయిల్ చూసుకునే మాలాంటి వాళ్లకు అక్కడ గట్టిగా తగిలింది. ఇన్నేళ్లూ దీన్ని నిలబెట్టింది ఈ సీనే అని నా అభిప్రాయం.

ఒక్క సంగతి చెప్పాలి. రైలు పట్టాల అవతల పోలండ్ నుంచి వచ్చినవాళ్లుంటారని సూత్రధారి మొదట్లోనే ఒక మాట అనేసి ముందుకెళ్లిపోతాడు. వలస వచ్చిన ఆ మనుషులు నాటకంలో ఎక్కడా వేదికెక్కరు. ఈసారి ఆ ఊరి డాక్టరు వేషం వేసింది మన సభ్యుడే. హాల్లో ఎవరికీ అది వింతగా తోచలేదు.

తెలుగులో వేద్దామని కొందరన్నారు. నాటకానికి ఇంకా కాపీరైట్ ఉంది. మామూలు ప్రదర్శనకే రాయల్టీ కట్టాలి, అనువాదానికి వేరే అనుమతి కావాలి. అనుమతి కోసం రాయాలా వద్దా అన్నది కార్యవర్గం తదుపరి సమావేశంలో తేలుస్తుంది. ఈలోగా నటించాలనుకునేవాళ్లు, లైట్లు చూసుకోగలవాళ్లు సాంస్కృతిక కార్యదర్శికి పేర్లివ్వండి. లైట్లకు మనుషులు మరీ తక్కువగా ఉన్నారు.