కొట్టమని చెప్పే తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న ఒక తండ్రి ఏనుమాముల మార్కెట్టులో పత్తి దించి, అటునుంచి అటే బడికి వచ్చారు. చొక్కాకు అంటిన దూది దులుపుకుంటూ, "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మేడం, మాకేమీ అభ్యంతరం లేదు. మేమూ దెబ్బలు తినే దారిలో పడ్డాం" అన్నారు. ఆయనకు కొడుకంటే ప్రాణం. పిల్లవాడు ఎక్కడ చెయ్యిజారిపోతాడోనన్న దిగులే ఆ మాట అనిపించింది. అలా అడిగేవారు మీలో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

మీరు ఒప్పుకున్నా మేము కొట్టకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం లేకపోయినా నేను కొట్టనిచ్చేదాన్ని కాదు.

గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె అన్నీ చూసి పెరిగినదాన్ని నేను. ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. కానీ డిగ్రీకి వెళ్ళాక కూడా అర్థం కాని పాఠం గురించి అడగడానికి చెయ్యెత్తలేకపోయాను. తప్పు అడుగుతానేమోనన్న భయం బరికె పోయాక కూడా పోలేదు.

కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు లెక్కల జవాబు పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచాడు. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తనే పెట్టేశాడు. తండ్రి తెలుగులో సంతకం చేస్తారు, వీడు ఇంగ్లీషులో చేశాడు. పిలిచి అడిగితే మాట్లాడలేదు, ఏడవలేదు. చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. దగ్గర కూర్చోబెట్టుకుని చూస్తే తెలిసింది, వాడు భిన్నాల కూడిక దగ్గరే ఆగిపోయాడు. అది ఐదో తరగతి పాఠం. రాదని చెబితే దెబ్బలు పడతాయని మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడేళ్ళూ మాకు దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మరి కట్టుదిట్టంగా పెంచితే పెద్దయ్యాక బాగుపడరా అంటే, కట్టుదిట్టం మంచిదే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. చిన్నప్పుడు తమను తాము అదుపు చేసుకోగలిగినవారు ముప్పై రెండేళ్ళ వయసులో ఆరోగ్యంలోనూ డబ్బు విషయంలోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ అదుపు కొడితే వస్తుందా? 75 అధ్యయనాలను, వాటిలోని సుమారు లక్షా అరవై వేల మంది పిల్లల వివరాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు, మానసిక ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. మాట వినడం పెరిగిన జాడ లేదు. మొండి పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయన్నదీ నిజమే, కాబట్టి అంతా దెబ్బల వల్లేనని నేను అనను. పుట్టుకతో వచ్చిన స్వభావం, స్నేహితులు, ఇంటి పరిస్థితి కూడా మనిషిని తీర్చిదిద్దుతాయి.

కట్టుదిట్టానికీ భయపెట్టడానికీ ఉన్న తేడాను అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1960లలోనే గుర్తించారు. నియమం గట్టిగా ఉండి, కారణం చెప్పి, ప్రేమగా అమలు చేసే ఇళ్ళ పిల్లలు సొంత కాళ్ళ మీద నిలబడగలిగారు. నోరెత్తనివ్వని ఇళ్ళ పిల్లల్లో ఆ ధైర్యం తక్కువ. మొక్కై వంగనిది మానై వంగదని మీరంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే మొక్కను వంచే రైతు పక్కన కర్ర పాతి, మెత్తని దారంతో కట్టి, రోజూ చూసుకుంటాడు. ఒక్క దెబ్బతో వంచబోతే విరుగుతుంది.

కాబట్టి ఇంట్లో కఠినంగానే ఉండండి. రాత్రి తొమ్మిదికి ఫోను పక్కన పెట్టాలంటే పెట్టాల్సిందే, మీ ఫోనుతో సహా. హోంవర్క్ కాకుండా ఆట లేదంటే లేదు. ఆ మాట ముందే చెప్పండి. నాన్న వద్దన్నది నానమ్మ దగ్గర దొరకకూడదు.

శనివారం ప్రోగ్రెస్ కార్డులు ఇస్తున్నాం. పిల్లలు అవి తెచ్చినప్పుడు, "ఏ పాఠం దగ్గర ఆగిపోయావు?" అని అడగండి. వాళ్ళు చెప్పిన జవాబును మీ సంతకం కింద ఒక వాక్యంలో రాసి సోమవారం పంపండి. రాయడం ఇబ్బందైతే బడికి వచ్చి చెప్పండి, సాయంత్రం ఐదు వరకు నేను గదిలోనే ఉంటాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
హనుమకొండ