డిస్కు పెట్టేముందు ఒక పూట

ఒరేయ్ శ్రీనూ,

రిసీవరు, ఐదు స్పీకర్లు, సబ్‌వూఫరు అన్నీ దిగాయన్నమాట! మొదటి డిస్కు ఏది కొనాలని అడిగావు కదా, నన్నడిగితే యెస్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు వాళ్ల 'క్లోజ్ టు ది ఎడ్జ్' కొను. 1972లో లండన్ అడ్విజన్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు ఎడ్డీ ఆఫర్డ్‌తో కలిసి చేసిన ఆల్బమ్ అది. వాద్యాలని విడివిడి ట్రాకుల్లో రికార్డు చేసిన ఆ మల్టీట్రాక్ టేపుల నుంచే, బ్రిటిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ మళ్లీ మిక్స్ చేసిన 5.1 (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫరుకీ వేరువేరుగా శబ్దం పంచే మిక్స్) 2013లో వచ్చింది. సీడీతో డీవీడీ-ఆడియో ఉన్న సెట్టు ఒకటి, బ్లూ-రే ఉన్న సెట్టు ఇంకొకటి. నువ్వు బ్లూ-రేదే తీసుకో, కారణం కింద చెప్తా.

అట్ట మీద 'రీమాస్టర్' అని చూసి మాత్రం డబ్బులు పెట్టకురా. రీమాస్టర్ అంటే, ఎప్పుడో రెండు చానళ్లుగా కలిపేసిన టేపుకి మెరుగు పెట్టడం. కాగిన పులుసులో ఉప్పు సరిచూడటం లాంటిది. రీమిక్స్ అయితే ముక్కలూ చింతపండూ పోపూ మళ్లీ విడివిడిగా చేతికొస్తాయి. విల్సన్‌ని నేను నమ్మేది ఎందుకంటే, అతను ముందు పాత స్టీరియో మిక్స్‌ని పక్కన పెట్టుకుని, ప్రతి వాద్యం స్థాయినీ ప్రతిధ్వనినీ దానితో పోల్చుకుంటూ దగ్గరికి తెస్తాడు. 5.1గా విప్పడం ఆ తర్వాతే.

కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్రిటిష్ బ్యాండు మొదటి ఆల్బమ్ సంగతి ఇంకా గొప్పది. 1969లో వాళ్లకున్నవి 8 ట్రాకులే. అవి చాలక, నిండినవాటిని కలిపి వేరే టేపు మీదికి దించి, ఖాళీ అయిన ట్రాకుల్లో కొత్తవి రికార్డు చేశారు. అలా దించిన ప్రతిసారీ శబ్దం కాస్త మసకబారుతుంది, కలిసిపోయిన వాద్యాలు మళ్లీ విడిపోవు. 2009 విడుదలకి, కలపకముందు టేపులను కంప్యూటర్లో ఒకదానితో ఒకటి జతకూర్చి మిక్స్ చేశారు. ఆ డ్రమ్ముల మీద తేటదనం అక్కడిదే. ఒక్క సంగతి గుర్తుంచుకో, ఆ మిక్స్‌లో 'మూన్‌చైల్డ్' అనే పాట చివరి వాయింపు దాదాపు మూడు నిమిషాలు కోసేశారు. నాకది నచ్చలేదు. ఆ నిశ్శబ్దాలు కూడా పాటలో భాగమే.

ఇక నీ గది. నువ్వు కూర్చునే చోటుకీ ముందు స్పీకర్లకీ 7 అడుగులుంటే, ఆ రెండు స్పీకర్ల మధ్యా 7 అడుగులే ఉండాలి. అప్పుడు ఒక్కోటి మధ్యగీతకి 30 డిగ్రీల్లో వస్తుంది. వెనకవి నిజానికి వీపు వెనక కాదు, 110 డిగ్రీల దగ్గర, అంటే చెవికి కొంచెం వెనగ్గా, కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో. సినిమా హాల్లోలా పైన గోడకి కొట్టించావంటే గిటారు ఫ్యాన్లోంచి వస్తుంది. సోఫా గోడకి ఆనుకుని ఉంటే రెండు మూడు అడుగులు ముందుకి లాగు.

రిసీవర్లో అన్ని స్పీకర్లకీ 'స్మాల్', క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టు, అంటే అంతకన్నా కింది మంద్ర స్వరాలు సబ్‌వూఫరుకి పోతాయి. దూరాలు టేపుతో కొలిచే ఎక్కించు. శబ్దానికి అడుగు దూరం దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి, మూడు నాలుగు అడుగులు తప్పు రాస్తే వాద్యాలు ఒక పక్కకి జరిగిపోయినట్టు వినిపిస్తాయి. తర్వాత టెస్ట్ టోన్ పెట్టి, నీ సీటు దగ్గర ఒక్కో స్పీకరూ 75 డెసిబెల్స్ వచ్చేలా సరిచెయ్యి. ఫోన్ యాప్ అంకె అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, అన్నీ సమానంగా ఉంటే చాలు. వెనకవి బాగా వినపడాలని రెండు గీతలు పెంచుతారు చాలామంది, అక్కడే మిక్స్ చెడిపోతుంది.

వైరింగ్‌లో జాగ్రత్త. ప్లేయరు నుంచి రిసీవరుకి నేరుగా హెచ్‌డీఎంఐ వెయ్యి, టీవీ మీదుగా వద్దు. ఆప్టికల్ వైరు మల్టీచానల్ పీసీఎంని, అంటే కుదించని సరౌండ్ శబ్దాన్ని, మొయ్యలేదు. ప్లేయర్ మెనూలో 'సెకండరీ ఆడియో' అనేదొకటి ఉంటుంది, అది ఆపెయ్యి. లేకపోతే లాస్‌లెస్ (ఏమీ పోగొట్టని) శబ్దం, కుదించేటప్పుడు కొంత పోగొట్టే మామూలు డీటీఎస్‌గానో డాల్బీగానో దిగిపోతుంది. రిసీవర్లో డాల్బీ సరౌండ్ లాంటివి కూడా తీసెయ్యి, అవి విల్సన్ పెట్టిన చోటు నుంచి శబ్దాన్ని కదిలిస్తాయి.

బ్లూ-రే ఎందుకన్నానంటే, మామూలు డీవీడీ ప్లేయరు డీవీడీ-ఆడియో డిస్కులోని అసలు భాగం ముట్టుకోదు. వీడియో భాగంలోని డీటీఎస్‌నో డాల్బీనో పాడి ఊరుకుంటుంది. ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ)తోనూ అదే తంటా. సీడీ పొర కూడా ఉన్న హైబ్రిడ్ డిస్కయితే, ఆ పొర స్టీరియోలో హాయిగా మోగుతుంది, మనం సరౌండే వింటున్నామనుకుంటాం.

అన్నీ అయ్యాక 'క్లోజ్ టు ది ఎడ్జ్' మొదలెట్టు. తొలి పిట్టల కూతలూ నీటి చప్పుడూ నీ చుట్టూ రావాలి. ముందునుంచే వస్తే ఎక్కడో స్టీరియో ఎంపికై ఉంది. తర్వాత పాట మధ్యలో యెస్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ చర్చి ఆర్గన్, లండన్ సెయింట్ గైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో రికార్డు చేసింది. అప్పుడు ఒక్క స్వరం మాత్రమే బూమ్‌మని ఉబ్బితే తప్పు డిస్కుది కాదు, నీ గది మూలది. సబ్‌ని నీ సీట్లో పెట్టి, అదే చోటు మళ్లీ మళ్లీ పాడిస్తూ, నేలమీద పాకుతూ విను. ఎక్కడ స్వరాలన్నీ సమంగా ఉంటాయో సబ్‌ని అక్కడికి జరుపు.

దీని తర్వాత పింక్ ఫ్లాయిడ్ బ్యాండు 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. దాని సరౌండ్ మిక్స్‌ల్లో రెండు చెప్తా, 2003 ఎస్ఏసీడీలో సౌండ్ ఇంజనీరు జేమ్స్ గుత్రీ 5.1, 2011 'ఇమ్మర్షన్' అనే పెట్టె సెట్టులో ఆ ఆల్బమ్ ఇంజనీరు అలన్ పార్సన్స్ 1973 నాటి క్వాడ్ (నాలుగు చానళ్ల మిక్స్). క్వాడ్ అంటే గది నాలుగు మూలల లెక్క. 110 డిగ్రీల స్పీకర్లతో వింటే దాని వెనకభాగం పక్కలకి వచ్చేస్తుంది, వినేముందు వాటిని కాస్త వెనక్కి జరుపు.

ఆదివారం అంతా అమర్చి, పాట మోగుతుండగా రిసీవరు తెర మీద ఏం రాసుందో ఫొటో తీసి పంపు. ఆ ఒక్క పంక్తి చూస్తే ఎక్కడ తేడా ఉందో చెప్పేస్తా.

నీ
మూర్తి