దామలచెరువు మట్టి

తిరుపతి,
శుక్రవారం.

నాయనా,

అమ్మ ఆశీర్వాదాలు. ఇక్కడ అందరం బాగుండాము. మూడు రోజులుగా ఒకటే వాన. కపిలతీర్థంలో నీళ్ళు దూకతా ఉండాయని నాయన పొద్దున్నే గొడుగేసుకుని పోయొచ్చినాడు. మోకాలి నొప్పితో మెట్లెక్కొద్దంటే వింటాడా?

ఆదివారం బుజ్జిగాడు బెంగళూరు నుంచి వచ్చినాడు. నీ రూముకు పోయినాడంట. బాగుండాడు పెద్దమ్మా అన్నాడు. కాఫీ తాగతా తాగతా, బల్ల మీద ఏమీ లేవు, సిపాయి బొమ్మలన్నీ అట్టపెట్టెలో పెట్టి, టేపేసి, మంచం కిందికి తోసేసినాడు అని కూడా అన్నాడు. నేనేమీ అడగలేదు. ఊరికే గుర్తొచ్చి రాస్తా ఉండాను.

వాన రోజుల్లో బొమ్మలకు ప్రైమర్, అదే రంగుకు ముందేసే పూత, కొట్టకూడదు, తేమకు పొడిపొడిగా పడతాదని నువ్వే చెప్పేవాడివి. అందుకని మూసిపెట్టినావేమో. అయితే సరే. మళ్ళీ తీసినప్పుడు కిటికీ తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకో. పాత లోహం బొమ్మల్లో సీసం ఉంటాది, ఆకురాయితో రుద్దినాక సబ్బుతో చేతులు కడగందే అన్నం ముట్టొద్దు. కుంచె మొన సన్నగా రావాలని నోట్లో పెట్టుకుంటావే, ఆ అలవాటు పోయిందా లేదా?

దామలచెరువు పోయింది గుర్తుండాదా? నవాబు గుర్రపు దండుకు నువ్వు రంగులేస్తా ఉన్న ఎండాకాలం. 28 మిల్లీమీటర్ల బొమ్మ, నా బొటనవేలు గోరంత గుర్రం తల, దానికి కళ్ళెం కూడా గీసినావు. కాళ్ళకింద మాత్రం కొన్న పచ్చగడ్డి అతికించినావు. 1740 మే నెలలో మన కనుమలో జరిగిన యుద్ధమంటివి, మేలో మన కొండల్లో ఇంత పచ్చదనం యాడుంటాది నాయనా అంటిని. మాట్లాడకుండా గడ్డంతా పీకేసి, పద పోదామన్నావు. చిత్రాన్నం కట్టుకుని పాకాల దాకా బస్సు, ఆడ్నించి ఆటో. మామిడికాయల మండీ కాడ లారీలు అడ్డం, నాయన దిగి దోవ చేయించినాడు. మరాఠా రఘోజీ దండు వేరే దోవలో చుట్టి వచ్చి వెనక నుంచి పడిందని, ఆర్కాటు నవాబు దోస్త్ అలీ, ఆయన కొడుకు ఇద్దరూ ఆడనే పోయినారని నువ్వు చెయ్యి చాపి చూపిస్తా చెప్పినావు. నాకు కనపడింది రాళ్ళూ, ఎండిన బోదగడ్డీ. ఆ రంగునే నువ్వు టిఫిను డబ్బాలో నింపుకున్నావు.

ఇంటికొచ్చి నేను ఆ మట్టిని పెనం మీద వేయించి, టీ వడపోసే జల్లెడలో పట్టినాను. ఆవగింజంత రాయి మిగిలినా ఆ బొమ్మ కాళ్ళకాడ కొబ్బరికాయంత అవతాదని నువ్వన్నావు కదా. ఫెవికాల్ పూసి, మట్టి చల్లి, రాత్రంతా ఆరబెట్టి, నీళ్ళరంగు పట్టించి, కుంచెను గుడ్డకేసి తుడిచి ఉందా లేదా అన్నట్టు లేతరంగు పైపైన రాసినావు. కొబ్బరి పీచు కత్తిరించి ఎండుబోద పెట్టినావు. ఆ పూట నీ ముఖం నాకింకా కళ్ళ ముందరుండాది.

తర్వాత కదా తెలిసింది, సిపాయిల చొక్కాల మీద వేసిన పులిచారలు టిప్పు దండువి, నలభై ఏళ్ళ తర్వాతవి అని. ఇరవై బొమ్మలు నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, మొదట్నించి వేసినావు. ఒక్క మాట విసుక్కోలేదు.

ఇంటర్లో లెక్కలు పోయినప్పుడు మాత్రం ఇట్లనే డబ్బాలన్నీ సర్దేసినావు. వారం దాకా మాకు చెప్పలేదు. చిత్తూరు పక్కన హైదరాలీ చనిపోతే టిప్పు వచ్చేదాకా చావును దాచిపెట్టినారని నువ్వే చెప్పినావు. రాజ్యం పోతాదని వాళ్ళు దాచినారు. ఆఫీసులో ఏమన్నా అయ్యుంటే, అప్పయ్యుంటే, ఇంకేమన్నా అయ్యుంటే, మన ఇంట్లో దాయాల్సిన పనేముండాది? నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను. ఇరవై రోజులైంది నీ గొంతు విని. బిజీ అని రెండక్షరాలు పంపితే నాయన ఫోను తిప్పి తిప్పి చూస్తా ఉండాడు.

వేళకు తిను. రాత్రి పూట చిన్న దీపం కింద కళ్ళు పాడుచేసుకోవద్దు. చిన్నత్త చేతికి కందిపొడి, అరటికాయ చిప్స్, హార్లిక్స్ డబ్బాలో ఆ మట్టి మిగిలినంతా పంపిస్తా ఉండాను. జల్లించే ఉండాది. మూత గట్టిగా పెట్టు, తేమ తగులుతాది.

పోయిన దసరాకు కొలువులో మూడో మెట్టు మీద పెట్టిపోయిన గుర్రపోడు ఇంకా నా కాడే ఉండాడు. మరపాచి కొయ్యబొమ్మల పక్కనే గుడ్డలో చుట్టి పెట్టినాను. వాడి ముఖానికి నువ్వు రంగెయ్యలేదు.

ఇట్లు,
అమ్మ